కిటికీ కూలింది, మైమూనా రాయి ఉంది

మాల్టా పక్కనున్న మా గోజో దీవిలో ఓడ దిగిన తెలుగువాళ్ళు మొదట అడిగేది ఒకటే: "ఆ కిటికీ ఎక్కడండీ?" ద్వేయ్రా దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ రాతి తోరణం, అజూర్ విండో, 2017 మార్చి 8 పొద్దున తుఫానుకు కూలిపోయింది. ఇప్పట్లో పడిపోయే ప్రమాదం లేదని అంతకు నాలుగేళ్ళ ముందు నిపుణులు తేల్చారు. మా గోజోలో నిపుణుల మాటకున్న విలువ ఆ రోజే తెలిసింది.

కిటికీ లేకపోతే గుహ కావాలంటారు. రమ్లా తీరం మీది కొండ గుహలో దేవకన్య కాలిప్సో గ్రీకు వీరుడు ఒడిస్యూస్‌ను ఏడేళ్ళు ఉంచిందన్న కథ ఇక్కడ ప్రతి బస్సులోనూ వినిపిస్తుంది. కవి కాలిమకస్ ఆ దీవి గౌదోస్, అంటే మా గోజో, అన్నాడనీ, అపొల్లొడోరస్ అందుకు అతన్ని తప్పుపట్టాడనీ రెండువేల ఏళ్ళ కిందటే భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. క్రీటు పక్కన గావ్దోస్ అని ఇంకో దీవి ఉండనే ఉంది. ఈ తగవులో నేను తల దూర్చను. నా తగవు వేరే రాయి గురించి.

మా ముఖ్యపట్నం రబాత్ కోటలో, అంటే చితాదెల్లాలో, పాత గుమ్మం పక్కన పురావస్తుశాల ఉంది. (1887లో విక్టోరియా రాణి పేరు పెట్టారు గానీ మా వీధిలో రబాత్ తప్ప ఇంకో పేరు పలకరు.) అందులో ఒక పాలరాతి పలక. వెనకవైపు రోమన్ల నాటి చెక్కడం. ముందువైపు కోణాలు తేలిన కూఫీ అరబ్బీ అక్షరాలు. హసన్ కూతురు మైమూనా హిజ్రీ 569 షాబాన్ 16, గురువారం నాడు చనిపోయిందని రాసి ఉంది. మన లెక్కలో 1174 మార్చి 21. పాత రాయిని తిరగేసి కూతురి పేరు చెక్కించిన ఆ ఇంటివాళ్ళు నాకు ఏ దేవకన్య కన్నా దగ్గరివాళ్ళు.

పేచీ ఆ తేదీతోనే. 1091లో నార్మన్ రోజరు వచ్చి ముస్లింలను వెళ్ళగొట్టాడనీ, తన జెండా చింపి మాకు ఎరుపు తెలుపు రంగులిచ్చాడనీ ఊరంతా చెప్పుకుంటారు. అది నిజమైతే 83 ఏళ్ళ తర్వాత మైమూనాకు అరబ్బీలో సమాధి ఎవరు కట్టారు? 1647లో మాల్టా గురించి పెద్ద పుస్తకం రాసిన అబేలా, ఇక్కడ క్రైస్తవం ఎన్నడూ తెగలేదని నిలబెట్టడానికి తంటాలు పడ్డాడు. రోజరు కాలం వాడే అయిన చరిత్రకారుడు మలతెర్రా మాత్రం, రోజరు కప్పం ఒప్పించుకుని తిరిగి వెళ్ళాడనే రాశాడు.

ఇక మిగిలింది ఒకే వాదం: రాయి ఎక్కడినుంచో ఓడలో వచ్చిందని. రాయి కదులుతుంది, ఒప్పుకుంటాను. ఊరి పేరు కదలదు. మా దీవిలో అర్బ్ అని ఒక ఊరుంది; అరబ్బీలో ఆ మాటకు అర్థం పడమర, ఆ ఊరు ఉన్నదీ దీవికి పడమరే. రబాత్ అంటే కోట బయటి పేట. పక్కనే మాల్టాలోని రబాత్‌లో, రోమన్ ఇంటి శిథిలాల మీద రెండువందలకు పైగా ముస్లిం సమాధులు బయటపడ్డాయి. అవన్నీ ఓడల్లో వచ్చాయా? చర్చి గంట కింద కూర్చుని మా పక్కింటి నాన్నా (ఇక్కడ అమ్మమ్మను అలాగే అంటారు) దేవుణ్ణి పిలిచే పేరు కూడా అల్లా అనే.

కాగితం సాక్ష్యం అడిగేవాళ్ళకు నా దగ్గర జవాబు లేదు. 1551లో ఒట్టోమన్ నావికుడు ద్రాగుత్ నావలు వచ్చి కోట పట్టుకుని, దాదాపు 5,000 మందిని బానిసలుగా తీసుకుపోయినప్పుడు మా దస్తావేజులూ చాలావరకు పోయాయి. అంతకు ముందరి మా ఊరివాళ్ళలో తండ్రి పేరుతో, తేదీతో సహా రాతిమీద మిగిలినవాళ్ళలో ఈ అమ్మాయి ఒకతె. నా మటుకు ఆమె మా ఊరి పిల్లే.

ఒక్కరోజు కోసం వచ్చేవాళ్ళకు ఒక మాట. ఓడకు వచ్చేటప్పుడు డబ్బు అడగరు, తిరిగి వెళ్ళేటప్పుడే టికెట్. ఆ టికెట్ కొనేముందు రబాత్‌లోని తొక్ చౌకు నుంచి కోటలోకి ఎక్కి, ఒక పావుగంట మైమూనా దగ్గర నిలబడండి.