అస్థి ఫ్లోరోసిస్: తెలుగు నేల మీద చరిత్ర

తాగునీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించి, ఏళ్ళ తరబడి ఒంట్లో చేరడం వల్ల ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయే వ్యాధి అస్థి ఫ్లోరోసిస్. ఫ్లోరైడ్ ఎముకను మారుస్తుందని 1932లో కోపెన్‌హాగెన్‌లో క్రయొలైట్ ఖనిజపు దుమ్ము పీల్చిన కార్మికుల ఎక్స్‌రేలలో తేలింది. బావినీళ్ళు తాగినా అదే ముప్పు ఉందని మన దేశంలో బయటపడింది మాత్రం అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతాల్లో. ఇవి 1970లో ఒంగోలు జిల్లాలో, అంటే తర్వాతి ప్రకాశం జిల్లాలో, కలిశాయి.

జబ్బును ముందు పసిగట్టింది రైతులు. ఎద్దుల కాళ్ళు బిగిసిపోయి, అవి కాడికి పనికిరాకుండా పోయేవి. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మనుషుల్లోని వ్యాధిని వర్ణించారు.

ఆరోగ్యమైన కీలులో ఎముకల కొసలకు నున్నటి మృదులాస్థి తొడుగు ఉంటుంది. ఎముకను ఎముకతో లిగమెంట్లు, కండరాన్ని ఎముకతో టెండాన్లు కలుపుతాయి. కాల్షియం, ఫాస్ఫేట్‌లతో కట్టిన ఎముక స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉండవలసిన చోట ఫ్లోరైడ్ కూర్చుంటుంది. ఎముక దట్టంగా, ఎక్స్‌రేలో మరీ తెల్లగా కనిపిస్తుంది, కానీ పెళుసుబారుతుంది. అసలు నష్టం కీలు చుట్టూ జరుగుతుంది: మెత్తగా సాగవలసిన లిగమెంట్లు, టెండాన్లు ఎముకకు అతుక్కునే చోట సున్నం పట్టి గట్టిపడతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర ఇలా గట్టిపడటం వైద్యులు ఎక్స్‌రేలో వెతికే ముఖ్యమైన గుర్తు. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతే మనిషి వంగలేడు, మెడ తిప్పలేడు. వెన్నులోని నాళం ఇరుకై వెన్నుపాము నలిగితే కాళ్ళు చచ్చుబడతాయి. మొదట్లో ఉండేవి ఒళ్ళునొప్పులు, కీళ్ళ బిగుతే కాబట్టి దీన్ని కీళ్ళవాతంగా పొరబడటం తేలిక. ఆ పొరపాటు జరిగినన్నాళ్ళూ రోగి అదే బావినీళ్ళు తాగుతూ ఉంటాడు.

నల్గొండ జిల్లాలోని వ్యాధిని ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో మరో రూపాన్ని చూపించారు: మోకాళ్ళు లోపలికి ఒరిగి, పాదాలు ఎడమైపోయిన పిల్లలు, యువకులు. జొన్న ప్రధాన ఆహారమైన చోట ఇది కనిపించింది. నాగార్జునసాగర్ కట్టాక ఊటనీరు పెరిగి, నేల క్షారమై, జొన్నగింజలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరుతోందని, దానివల్ల ఒంట్లో రాగి తగ్గుతోందని పరిశోధకులు భావించారు. పంటకు మేలు చేసిన ఆనకట్ట మీద ఇలాంటి ప్రశ్న లేవనెత్తడానికి ధైర్యం కావాలి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ పద్ధతి’ అనే పిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

గ్రానైట్ వంటి రాళ్ళలోని ఫ్లోరైడ్ లోతు నీటిలోకి కరుగుతుంది. పారే నదినీటిలో అది సాధారణంగా తక్కువ. 1855లో విజయవాడ వద్ద కృష్ణానదిపై పూర్తయిన ఆనకట్ట నుంచి కాలువలు పారిన డెల్టాకూ, అదే నదికి అంత దూరం కాని మెట్ట గ్రామాలకూ తేడా ఇక్కడే వచ్చింది. శ్రీశైలం నుంచి కృష్ణా జలాలను ప్రకాశం మెట్టకు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు లక్ష్యాల్లో ఫ్లోరైడ్ గ్రామాలకు తాగునీరూ ఒకటి. అయితే మంచి నీరు వచ్చినా, అప్పటికే గట్టిపడిన లిగమెంట్‌ను మళ్ళీ మెత్తబరిచే మందు లేదు. వెన్నుపాము మీది ఒత్తిడిని కొందరిలో శస్త్రచికిత్సతో తగ్గించగలరు.