సైకిల్ శుభ్రం చేసుకునే విధం

ప్లస్ వన్‌లో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సైకిల్ చాలా ఏండ్లు నడవాలంటే నెలకోసారి శుభ్రం చేయండి. వానలో ఎర్రమన్ను అంటితే ఆ రోజే కడగండి.

1. సబ్బునీళ్ల గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి. చక్రాల ఇరుసుల మీదికి పైపుతో నీళ్లు కొట్టకండి. లోపలి గ్రీజు పోయి గుండ్లు అరిగిపోతాయి.

2. చైనును కిరోసిన్‌తో, పాత బ్రష్షుతో రుద్దండి. పొయ్యి దగ్గర వద్దు. ఆరినాక మిషన్ నూనె చుక్కలుగా వేసి, మిగిలింది తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు, మన బాగలూరు చలికి గడ్డకడుతుంది.

3. రిమ్ములకు, బ్రేక్ రబ్బర్లకు నూనె తగలనీయకండి. తగిలితే బ్రేకు పట్టదు.

తల్లిదండ్రులారా, కడిగిన తర్వాత రెండు బ్రేకులూ మీరే నొక్కి చూసి, ఆ తర్వాతే బిడ్డను రోడ్డు మీదికి పంపండి.