పాషాణం ఎవరి భోగం?

బీరువా అడుగున, గద్వాల చీరెల మడతల కింద, మామగారి కాలంనాటి దస్తావేజు ఏదైనా ఉంటే ఓ మధ్యాహ్నంపూట తీరిక చేసుకుని చదివి చూడండి. హద్దులూ, సర్వే నంబర్లూ అయ్యాక చివర్లో మంత్రంలాంటి మాటలు కొన్ని కనిపిస్తాయి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. ఇవే అష్టభోగాలు. ఈ ఎనిమిదింటితో సహా భూమిని నీకు దఖలు పరిచాను, పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించు అని దాని తాత్పర్యం. రాజులు అగ్రహారాలిచ్చినప్పుడు శాసనాల్లో చెక్కించిన మాటలే ఇవి. రాజ్యాలు పోయాయిగాని, దస్తావేజులు రాసే లేఖరుల చేతిలో ఆ మాటలు మాత్రం నిక్షేపంలా మిగిలిపోయాయి.

నిధి అంటే పాతిపెట్టిన ధనం. పాషాణం అంటే రాళ్ళూ, రాళ్ళలో దొరికే ఖనిజాలూ. ఆగామి అంటే మున్ముందు రాబోయే ఆదాయం. సాధ్యం అంటే ఇకమీదట సాధించుకోగలిగింది. ఈ లెక్కన నేల కింద ఉన్నదీ, రేపు బయటపడబోయేదీ కూడా మనదేనన్నమాట! వినడానికి ఎంత బాగుందో చూడండి. కాని నిజంగా మనదేనా?

ఈ మాట అక్షరాలా చెల్లుబాటయ్యే దేశం ఒకటుంది. అమెరికాలో పైనేల ఒకరిదీ, కింది ఖనిజం వేరొకరిదీ కావచ్చు. తాతగారు పొలం అమ్ముతూ, “నేల నీకు, కింద ఉన్నది నాకు” అని కాగితంలో ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు. ఆ కింద ఉన్నది కొడుకులకూ కూతుళ్ళకూ, వాళ్ళ పిల్లలకూ వారసత్వంగా వస్తుంది. 1901లో టెక్సాస్‌లో స్పిండిల్‌టాప్ అనే దిబ్బమీద నూనె ఆకాశానికి చిమ్మింది మొదలు, కంపెనీల మనుషులు ఇలాంటి వారసుల్ని వెతుక్కుంటూ ఇళ్ళకొచ్చేవారు. సంతకం పెట్టినందుకు కొంత రొక్కం, నూనె పడితే అందులో వాటా. ఎనిమిదోవంతు వాటా చాలాకాలం ఆనవాయితీగా నడిచింది. ఎనిమిది భోగాల మనకు ఈ ఎనిమిదోవంతు లెక్క తమాషాగా లేదూ? ఇవాళ హ్యూస్టన్‌లోనో, డాలస్‌లోనో ఇల్లు కొనుక్కున్న మన తెలుగుపిల్లలు కూడా కాగితాలు జాగ్రత్తగా చూసుకోవాలి. ఇంటికింది ఖనిజహక్కు పాత యజమాని ఎప్పుడో అట్టేపెట్టుకుని ఉండవచ్చు.

అయితే హక్కు కాగితంమీద ఉన్నంతమాత్రాన సుఖం ఉన్నట్టేనా? ఓక్లహామాలో ఓసేజ్ అనే ఆదివాసి జాతివారి కథ వినండి. 1906 చట్టం ప్రకారం వాళ్ళ నేలకింది నూనె జాతి మొత్తానికీ ఉమ్మడి ఆస్తి. జాబితాకెక్కిన 2,229 మందికీ తలా ఒక వాటా. ఆ వాటా అమ్ముడుపోదు, వారసత్వంగానే వస్తుంది. నూనె పడింది, డబ్బు వరదలా వచ్చింది. వెంటనే ప్రభుత్వానికి వీళ్ళమీద ఎక్కడలేని ఆదరం పుట్టుకొచ్చింది! వాళ్ళ డబ్బు వాళ్ళకి ఖర్చు పెట్టుకోవడం తెలియదంటూ సంరక్షకుల్ని నియమించింది. సొంత సొమ్ముతో సరుకులు కొనుక్కోవాలన్నా పరాయివాణ్ణి అడగాలి. 1920ల్లో ఆ వాటాలకోసం ఆడపిల్లల్ని పెళ్ళాడి, వాళ్ళనూ వాళ్ళ తోబుట్టువులనూ ఒక్కొక్కరినీ చంపించిన ఘోరాలు జరిగాయి. చివరికి 1925లో కొత్త చట్టం చేసి, బయటివాళ్ళు అలా వారసులు కాకుండా అడ్డుకట్ట వేయవలసి వచ్చింది. వారసత్వం వచ్చింది, దాన్నిగురించి ఔననే, కాదనే అధికారం మాత్రం రాలేదు. ఆ ఇళ్ళు కూలింది అక్కడే.

ఇక మన ఇంటికొద్దాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు... 2016లో మూడు జిల్లాలయ్యాయి గాని, అంతకుముందు మూడూ పాలమూరే. ఇక్కడ నూనె పడుతుందని ఎవరూ కలగననక్కర్లేదు. ఇది కోట్ల ఏళ్ళనాటి గట్టిరాయి. బోరు వేస్తే నీళ్ళు పడటమే గగనం! అందుకే కదా పాలమూరు కూలీలు ఊళ్ళు విడిచి వెళ్ళి, దేశమంతటా ఆనకట్టలకూ కాలవలకూ మట్టి తవ్వారు. ఎక్కడెక్కడి నేలనో తవ్విన చేతులకు తమ నేలకింద ఏముందో, అది ఎవరిదో చెప్పినవాళ్ళు లేరు.

చెప్పవలసిన ప్రభువుల సంగతే అంతంతమాత్రంగా ఉండేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు మూడేళ్ళు నిండకముందే రాజ్యం వారసత్వంగా వచ్చింది. పద్దెనిమిదేళ్ళకు పగ్గాలు చేతికొచ్చాయి. మరి రెండేళ్ళకే, 1886లో, నిజాం రాజ్యంలోని ఖనిజాలు తవ్వుకునే హక్కు 99 ఏళ్ళకు ఇద్దరు ఇంగ్లీషు దొరలకు దక్కింది. వాళ్ళు లండన్‌లో హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ అని పెట్టారు. కంపెనీ వాటాల్లో సింహభాగం నయాపైసా పెట్టకుండా తమవాళ్ళకే రాసుకున్నారు. తమాషా ఏమిటంటే, నిజాం ప్రభుత్వం తరఫున వాటాలు కొనడానికి వెళ్ళిన అబ్దుల్ హక్ అనే పెద్ద ఉద్యోగి, తన దగ్గరున్న వాటాలనే మంచి ధరకు తన సర్కారుకు అంటగట్టాడు! నేల నిజాందే, గని నిజాందే, ఆ గనిలో వాటా కొనుక్కున్నదీ నిజామే. గుట్టు బయటపడి 1888లో ఇంగ్లండు పార్లమెంటు విచారణ సంఘం వేయవలసి వచ్చింది. ఆ కంపెనీ ఇల్లెందు దగ్గర తవ్వించిన బొగ్గే మన సింగరేణికి మొదలు. 1920లో సింగరేణి కాలరీస్ పుట్టింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం వాటాలు కొని దాన్ని చేతికి తీసుకుంది. తన నేలకింది బొగ్గును తనే డబ్బిచ్చి తిరిగి తెచ్చుకోవడానికి దగ్గర దగ్గర అరవై ఏళ్ళు పట్టిందన్నమాట.

నిజాం కింద మన సంస్థానాలు ఉండేవి. పేష్కష్ కట్టి తమ ఊళ్ళను తాము ఏలుకునేవి. చదువుకున్నవాళ్ళు కూడా మరిచిపోయే సంగతి ఒకటుంది: ఈ సంస్థానాల్లో రాణుల ఏలుబడులు తక్కువేం కాదు. వనపర్తిలో 1866లో రాజా రామేశ్వరరావు పోయాక రాణి శంకరమ్మ పెత్తనం చూసింది. గద్వాలలో 1924లో రాజా సీతారామభూపాలుడు పోయాక మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాతికేళ్ళు ఏలింది. భర్తనుంచి వచ్చిన నేలను నిలబెట్టుకోవడానికి ఆడది దర్బారులతో, దివాన్లతో, కాగితాలతో ఎంత పెనుగులాడి ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దుతో ఆ భోగాలన్నీ సర్కారువైపు నడిచాయి. రైతుకు న్యాయం జరగాలంటే అది జరగవలసిందే. కాని రాణిగారి చేతిలోంచి జారిన పాషాణం రైతమ్మ చేతిలో పడిందా అంటే, పడలేదు.

1948 చమురు చట్టం, 1957 ఖనిజాల చట్టం వచ్చాక, తవ్వకానికి అనుమతి ఇచ్చే కలం సర్కారు చేతికి వచ్చింది. 2013లో సుప్రీంకోర్టు ఒక మంచిమాట చెప్పింది. మలబారు భూస్వాముల కేసులో, చట్టబద్ధంగా తీసేసుకుంటే తప్ప నేలకింది ఖనిజం మామూలుగా నేల యజమానిదేనని తీర్పిచ్చింది. అష్టభోగాలు రాసిన పాత లేఖరులు ఉంటే సంతోషించేవారే! కాని ఖనిజం మనదైనా, లైసెన్సు లేకుండా గునపం దింపడానికి వీల్లేదు. కోనసీమ కొబ్బరితోటల్లో చమురు సంస్థ బావి తవ్వితే, రైతుకు వచ్చేది పైనేలకు కౌలో, నష్టపరిహారమో. గ్యాసుమీద రాయల్టీ వెళ్ళేది ఖజానాకు. మంట వస్తే మాత్రం అది ఊరివాళ్ళదే. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. చుట్టుపక్కల జనం ఇళ్ళు విడిచి వెళ్ళారు.

ఇప్పుడు మళ్ళీ నాగర్‌కర్నూలు జిల్లాకు రండి. అమ్రాబాద్ అడవిలో యురేనియం కోసం 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరేనంది. అక్కడ ఉండేది చెంచులు. అష్టభోగాలు రాసిన దస్తావేజులు వాళ్ళకెక్కడివి? 2006 అటవీహక్కుల చట్టం ఇచ్చింది కూడా సాగునేలా, తేనే, జిగురూ, చింతపండూలాంటివే. ఖనిజం అందులో లేదు. అయినా వాళ్ళు “మాకొద్దు” అన్నారు. బోర్లు వేస్తే నీళ్ళు పాడవుతాయన్నారు. ఆ మాట ఊళ్ళు దాటింది, పట్నం దాకా వచ్చింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది.

నిజాంకు హక్కు ఉంది, ఏం ఒప్పుకుంటున్నాడో తెలియదు. ఓసేజ్ ఆడపడుచులకు వాటా ఉంది, నోరు విప్పే వీలు లేదు. చెంచులకు కాగితం లేదుగాని, వద్దనే మాట ఉంది. నేలకింద ఏం దొరికిందనేదానికంటే, తవ్వేముందు మనల్ని అడిగారా లేదా అన్నదే అసలు భోగం అనిపిస్తుంది నాకు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. 1956 చట్టం తండ్రి ఆస్తిలో కూతురికి చోటిచ్చింది. 1986లో మన రాష్ట్రం, 2005లో దేశం మొత్తం, పిత్రార్జితంలో కూడా సమభాగం అన్నాయి. అయినా ఏదో పండక్కి పుట్టింటికి వెళ్ళినప్పుడు, పసుపు కుంకాలతోపాటు ఓ కాగితం ముందుపెట్టి, “ఇక్కడో సంతకం చెయ్యమ్మా, ఏం లేదు, లాంఛనం” అంటే చదవకుండానే చేసే అలవాటు మనలో పోలేదు. అన్నదమ్ముల మీద ప్రేమతో వదులుకుంటే అది వేరే సంగతి. కాని ఏం వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలి. చీరె కొనేటప్పుడు అంచు తిప్పి, కొంగు విప్పి, వెలుతురులో పెట్టి చూస్తాం కదా! సంతకం చేసే కాగితాన్ని కూడా అలాగే చివరి పేజీ దాకా తిప్పి చూద్దాం. ఆగామి, సాధ్యం అనే మాటలు ఉండేది అక్కడే.