ఖాతా క్లోజ్ చేయండి, చాలు

అక్టోబరు 6, 2011. వాషింగ్టన్.

టీవీ కెమెరాల ముందు ఓ 22 ఏళ్ల అమ్మాయి నిలబడింది. ఒక చేతిలో కత్తెర, మరో చేతిలో బ్యాంక్ ఆఫ్ అమెరికా డెబిట్ కార్డు. నినాదం లేదు, తిట్టు లేదు. కార్డును రెండు ముక్కలు చేసి, ఖాతా క్లోజ్ చేయించుకుంది. ఆమె వెంట తెచ్చిన అర్జీ మీద అప్పటికే లక్షన్నర పైగా సంతకాలున్నాయి.

అర్జీ పెట్టి వారం కూడా కాలేదు. చదువు అప్పుడే ముగిసింది. చేతిలో ఉన్నవి రెండు చిన్న ఉద్యోగాలు, అందులో ఒకటి పిల్లల్ని చూసుకోవడం. సెప్టెంబరు 29న బ్యాంకు బయటపెట్టిన ఓ కబురు మీదే ఆ అర్జీ. కొత్త సంవత్సరం నుంచి డెబిట్ కార్డుతో ఏదైనా కొంటే ఆ నెలకు 5 డాలర్లు ఛార్జీ. నెలంతా గీకినా అంతే, ఒక్కసారి పాల డబ్బా కొన్నా అంతే. ఏడాదికి 60 డాలర్లు.

కారణం లేకపోలేదు. కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు నుంచి బ్యాంకుకు సగటున 44 సెంట్లు ముట్టేవి. సెనేటర్ డిక్ డర్బిన్ తెచ్చిన సవరణతో అక్టోబరు 1 నుంచి ఆ రాబడి సుమారు 24 సెంట్లకు పడిపోయింది. ఆ లోటును బ్యాంకు ఖాతాదారుల నెత్తిన రుద్దింది. అదీ అందరి నెత్తిన కాదు. పెద్ద మొత్తాలు దాచుకున్న ప్రీమియం ఖాతాలకు మినహాయింపు! జీతం రాగానే ఖర్చు చేసేయాల్సి వచ్చేవాళ్లే ఆ లోటు పూడ్చాలన్నమాట. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది? పైగా మాంద్యం రోజుల్లో ఇదే బ్యాంకు 4,500 కోట్ల డాలర్ల ప్రజాధనంతో గట్టెక్కింది. ఆ బాకీ తర్వాత తీర్చేసింది నిజమే. జనం మాత్రం మరచిపోలేదు.

లాభం సంపాదించే హక్కు మాకుందన్నాడు బ్యాంకు అధినేత బ్రయాన్ మొయినిహాన్. ఇంత లాభం రావాలనే హక్కు ఎవరికీ పుట్టుకతో రాదన్నాడు అధ్యక్షుడు ఒబామా. డర్బిన్ అయితే సెనేట్‌లో నిలబడి, ఆ బ్యాంకును వదిలి వెళ్లిపొమ్మని ఖాతాదారులకే చెప్పాడు.

వెళ్లిపోవడం మాటల్లో తేలిక. జీతం పడేది ఆ ఖాతాలో, అద్దె, కరెంటు బిల్లు కట్టేది అందులోంచే. ఒక్కటి తప్పినా జరిమానా. లాస్ ఏంజెలిస్‌లో చిత్రశాల నడిపే 27 ఏళ్ల యువతి ఈ చిక్కుకు దారి చూపింది. నవంబరు 5 లోగా పెద్ద బ్యాంకుల్లోని డబ్బును క్రెడిట్ యూనియన్లకు మార్చుకుందామని ఫేస్‌బుక్‌లో పిలుపునిచ్చింది. మన సహకార పరపతి సంఘాల్లాగే వాటికి సభ్యులే యజమానులు. ముందు అక్కడ ఖాతా తెరవాలి, జీతాన్ని, బిల్లులను అటు మళ్లించాలి, పాత ఖాతాను ఆ తర్వాతే మూయాలి. నన్నడిగితే ఈ ఉద్యమానికి ప్రాణం పోసింది ఆ తేదీయే. గడువుంటేనే కోపం పనిగా మారుతుంది.

అన్నిచోట్లా సాఫీగా సాగలేదు. అక్టోబరు 15న న్యూయార్క్‌లో ఖాతాలు మూయించుకుంటామంటూ నిరసనకారులు గుంపుగా ఓ సిటీబ్యాంక్ శాఖకు వెళ్లారు. గొడవ చేస్తున్నారు, బయటికి పొమ్మన్నా కదలడం లేదని బ్యాంకు ఫిర్యాదు. పోలీసులు సుమారు రెండు డజన్ల మందిని పట్టుకెళ్లారు. వార్త గుప్పుమంది. కానీ బ్యాంకుల్ని కుదిపింది ఆ గలాటా కాదనే నా నమ్మకం. ఎక్కడికక్కడ ఎవరికి వారు వచ్చి, కౌంటరు ముందు వరుసలో నిలబడి, ఉన్నదంతా తీసుకుని వెళ్లినవాళ్లే కుదిపారు. వాళ్ల మీద ఏ కేసు పెడతారు?

నెలాఖరుకు ఒక్కో బ్యాంకూ తగ్గింది. 3 డాలర్ల ఛార్జీని పరీక్షించి చూస్తున్న చేజ్, వెల్స్ ఫార్గో ఆ ఆలోచన మానుకున్నాయి. సన్‌ట్రస్ట్, రీజియన్స్ తమ ఛార్జీలను వెనక్కి తీసుకున్నాయి. చివరికి ఒంటరిగా మిగిలిన బ్యాంక్ ఆఫ్ అమెరికా కూడా నవంబరు 1న దిగివచ్చింది. ఖాతాదారుల మాట విన్నామంది. సంతకాలు అప్పటికి మూడు లక్షలు దాటాయి.

ఛార్జీ పోయింది కదా అని జనం ఆగలేదు. నవంబరు 5 శనివారం ఒక్కరోజే దాదాపు 40,000 మంది కొత్తగా చేరారని క్రెడిట్ యూనియన్ల సమాఖ్య అంచనా వేసింది.

డిసెంబరు చివర్లో ఫోన్ కంపెనీ వెరైజన్ కొన్నిరకాల బిల్లు చెల్లింపుల మీద 2 డాలర్లు వడ్డించబోయింది. వాషింగ్టన్ అమ్మాయి మళ్లీ అర్జీ పెట్టింది. మర్నాడే కంపెనీ ఆ ఛార్జీని ఉపసంహరించుకుంది.