కొట్టలేదండీ, కుదిపామంతే

చంటిపిల్లని కొట్టకూడదని ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. కానీ ఏడుపు మానని బిడ్డని రెండు జబ్బలూ పట్టుకుని గట్టిగా కుదిపితే ప్రాణానికే ముప్పని వైద్యలోకానికి తెలిసి ఎంతో కాలం కాలేదు.

1946లో అమెరికాలో జాన్ క్యాఫీ అనే ఎక్స్‌రే డాక్టరు ఆరుగురు పసివాళ్ల సంగతి రాశారు. వాళ్లకి మెదడు పైపొర కింద నెత్తురు చేరింది, కాళ్లూ చేతుల ఎముకలు విరిగి ఉన్నాయి. దెబ్బ ఎలా తగిలిందో ఇంట్లోవాళ్లు చెప్పలేదు. ఆయనా అప్పటికి కారణం తేల్చలేకపోయారు.

ఆ చిక్కుముడి విప్పింది ఇంగ్లండులో హల్ అనే ఊళ్లో మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరు నార్మన్ గథ్‌కెల్చ్. తలమీద చిన్న గీతైనా లేని బిడ్డకి లోపల నెత్తురెందుకు చేరిందా అని ఆయన ఆలోచించారు. కారుని వెనకనుంచి మరో బండి గుద్దితే, తల దేనికీ తగలకపోయినా, మెడ విసురుకే మెదడు దెబ్బతినవచ్చని అప్పటికే తెలుసు. మరి పసిబిడ్డని కుదిపితే? 1971లో ఆ మాటే రాశారు. కొట్టడంకంటే కుదపడం నయమని అక్కడి మంచి తల్లిదండ్రులు కూడా అనుకునేవారట! ఆ నమ్మకమే నాకు అన్నిటికంటే భయంగా తోస్తుంది. మరుసటేడు క్యాఫీగారు కూడా కుదపడం గురించే హెచ్చరించారు.

బిడ్డ తల ఒంటితో పోలిస్తే పెద్దది, బరువైనది. మెడకి ఇంకా బలం రాదు. కుదుపుకి తల ముందుకీ వెనక్కీ విసురుకుంటే మెదడుమీది సన్నటి రక్తనాళాలు తెగుతాయి, కంటి లోపల కూడా నెత్తురు చిమ్ముతుంది. బతికి బయటపడినా చూపు పోవచ్చు, మూర్ఛలు రావచ్చు. ఉయ్యాల ఊపడం, ఒళ్లో వేసుకుని జోకొట్టడం ఇందులోకి రావు లెండి.

అయితే ఇలాంటి గుర్తులు వేరే జబ్బుల్లోనూ కనిపిస్తాయి. వాటినిబట్టే కన్నవాళ్లని దోషులనేయడం తగదని, తొంభై దాటిన వయసులో, 2012లో గథ్‌కెల్చ్‌గారే రాశారు. దానిమీద డాక్టర్లలో వాదన ఇంకా ఉంది. కుదపకూడదన్న దాంట్లో మాత్రం రెండో మాట లేదు.

బిడ్డ పాలు తాగక, వాంతులు చేసుకుంటూ, లేపినా లేవకుండా మగతగా పడి ఉన్నా, మాడు ఉబ్బినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి తీయడం కష్టమైనా తక్షణం ఆస్పత్రికి పరుగెత్తాలి. కుదిపి ఉంటే ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. దాస్తే వైద్యం ఆలస్యమవుతుంది.

అసలు కుదిపేదాకా తెచ్చేది ఏడుపే కదా! 1962లో బ్రేజల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు 80 మంది పసివాళ్ల ఏడుపు లెక్క తల్లులచేత రాయించి చూశారు. ఆరోవారానికి ఏడుపు ఎక్కువై, ఆపైన తగ్గిందట. ఏ లోపమూ లేని బిడ్డలే రోజుకి రెండు మూడు గంటలు ఏడ్చారు! నిద్రలేని బాలింతకి, అలిసి ఇంటికొచ్చిన భర్తకి ఓపిక నశించడం వింత కాదు. పాలు పట్టి, తడిబట్ట మార్చి, ఒళ్లు వెచ్చగా ఉందేమో చూశాక కూడా ఏడుపు ఆగకపోతే, బిడ్డని ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి పక్కగదిలోకి వెళ్లి మంచినీళ్లు తాగండి. ఐదు పది నిమిషాలు ఏడిస్తే బిడ్డకేమీ కాదు. పిల్లని చూసే ఆయాకీ, ఎత్తుకుని ఆడించే మరిదికీ ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.