348 ఓట్లు: హుటాన్ మెలింటాంగ్ తెలుగువారి రాజకీయ చరిత్ర

మలాయ్ భాషలో హుటాన్ అంటే అడవి, మెలింటాంగ్ అంటే అడ్డంగా ఉన్నది. మలేషియాలోని పేరక్ రాష్ట్రపు దక్షిణపు అంచున, బెర్నమ్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు హుటాన్ మెలింటాంగ్. నది దాటితే సెలంగోర్ రాష్ట్రం. 1906లో ఆగె వెస్టెన్‌హోల్జ్ అనే డేనిష్ ఇంజనీరు ఈ పరిసరాల్లోనే జెండరాటా రబ్బరు తోటను నెలకొల్పాడు. దిగువ పేరక్‌లోని ఇలాంటి రబ్బరు, కొబ్బరి తోటలకే ఉత్తరాంధ్ర నుంచి మన కూలీలు తరలివెళ్లారు. వారి మునిమనుమలు ఇవాళ అక్కడ ఓటర్లు. ఆ ఓటు ఎటు మొగ్గింది, ఎందుకు మొగ్గింది అన్నదే ఈ వ్యాసవిషయం.

దీనికి సూటిగా జవాబు చెప్పే పుస్తకం నా కంటబడలేదు. దగ్గరగా వచ్చేది రవీంద్ర జైన్ 1970లో ప్రచురించిన ‘సౌత్ ఇండియన్స్ ఆన్ ది ప్లాంటేషన్ ఫ్రాంటియర్ ఇన్ మలయా’. తమిళ కార్మికులున్న ఒక తోటకు మారుపేరు పెట్టి, అక్కడ పని, ఇల్లు, కుటుంబం, నాయకత్వం ఎలా పెనవేసుకున్నాయో ఆయన చూపారు. అందులో తెలుగువారు ప్రధానపాత్రలు కారు. అయినా కూలీ లైన్లలో రాజకీయం ఎలా పుడుతుందో అర్థం చేసుకోవడానికి ఆ పుస్తకమే దారి.

తోటలో కూలీకి ఉద్యోగమే ఇల్లు. పని పోతే పైకప్పు కూడా పోయినట్లే. దొర, కిరాణీ, కంగాణీ అనే మెట్ల కింద అతని బతుకు. అలాగని ఈ కూలీలకు రాజకీయం తెలియదనుకోవడం పొరపాటు. 1943 తరువాత సుభాస్ చంద్రబోస్ సేనలో చేరినవారిలో తోట కూలీలు ఎందరో ఉన్నారు. యుద్ధం ముగిశాక వామపక్ష కార్మిక సంఘాలు తోటల్లో బలంగా వేళ్లూనాయి. 1948 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చి ఆ సంఘాలను తుడిచిపెట్టింది. అఖిల మలయా కార్మిక సంఘాల సమాఖ్యకు అధ్యక్షుడిగా పనిచేసిన గణపతిని 1949 మే నెలలో ఉరితీశారు. ఓటుహక్కు రాకముందే తోటలకు అందిన పాఠం ఇది: గొంతెత్తితే ఏమవుతుందో అందరూ చూశారు.

ఓటు ఆ తరువాత వచ్చింది, అదీ కొందరికే. 1955 ఎన్నికల్లో నమోదైన ఓటర్లలో సుమారు 84 శాతం మలాయ్‌లే. 1957లో స్వాతంత్ర్యంతో పాటు పౌరసత్వ నియమాలు సడలాక, 1959 నాటికి ఆ వాటా 57 శాతానికి చేరువయింది. అలా కొత్తగా ఓటర్లయిన భారతీయుల ముందున్న ప్రధానమైన గడప మలయన్ ఇండియన్ కాంగ్రెస్. 1946లో పుట్టిన ఆ పార్టీ 1955లో సంబంధన్ అధ్యక్షుడయ్యాక తమిళ శ్రామికుల పార్టీగా రూపు దిద్దుకుంది. తెలుగు కూలీకి అదే గొడుగు, కాని గొడుగు కింద వినిపించే మాట తమిళం. తెలుగువారు ఆ దశకంలోనే మలయా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకున్నారు. అది భాషను, పండుగలను, బడిని కాపాడుకునే సంఘమే తప్ప ఓట్లడిగే పార్టీ కాదు. భాషకు ఒక సంఘం, ఓటుకు మరొక పార్టీ: ఈ రెండింటి నడుమ ఒక తరం గడిచిపోయింది.

దశాబ్దాల పాటు తోటల ఓటు పాలక కూటమిదేనని అందరూ చెప్పుకున్నారు. దానిని విధేయత అన్నారు. వైద్యుడిగా నాకు ఆ మాట మీద అనుమానం. రోగి ‘బాగానే ఉంది’ అన్నాడంటే, ఆ మాట ఎవరి ఎదుట అన్నాడో కూడా చూడాలి. ఇల్లు, బడికి నిధులు, గుడికి స్థలం ఒకే చేతి మీదుగా వచ్చేచోట ఓటు అభిప్రాయం కాదు, బతుకుతెరువులో ఒక భాగం.

తోటలు చేతులు మారి, పిల్లలు పట్టణాలకు వెళ్లి, ఇల్లు వేరు పని వేరు అయ్యాకనే ఆ ముడి వదులయింది. 2007 నవంబరు 25న హిండ్రాఫ్ పిలుపుపై వేలమంది కౌలాలంపూర్ వీధుల్లోకి వచ్చారు. మరుసటి మార్చిలో పాలక కూటమి పార్లమెంటులో మూడింట రెండు వంతుల ఆధిక్యం కోల్పోయింది, సామివేలు సొంత స్థానంలోనే ఓడిపోయారు. హుటాన్ మెలింటాంగ్ శాసనసభ స్థానం ప్రతిపక్ష కెఅడిలాన్ పార్టీ అభ్యర్థి కేశవన్‌కు దక్కింది. 2013లోనూ ఆయనే గెలిచారు. 2018లో అది ఉమ్నోకు పోయి, 2022లో తిరిగి కెఅడిలాన్ చేతికి వచ్చింది.

ఆ 2022 నవంబరు 19ననే అసలు విశేషం జరిగింది. హుటాన్ మెలింటాంగ్, రుంగ్‌కుప్ శాసనసభ స్థానాలు కలిస్తే బాగాన్ దాతుక్ పార్లమెంటు నియోజకవర్గం. 1995 నుంచి అక్కడ గెలుస్తున్న ఉమ్నో అధ్యక్షుడు జాహిద్ హమీది ఆరోజు 348 ఓట్ల తేడాతో బయటపడ్డారు. ఆపై ఉప ప్రధాని అయ్యారు. అదీ తాను ఓడించిన పార్టీ నాయకుడు అన్వర్ ఇబ్రహీం ప్రభుత్వంలోనే!

పెట్టె తెరిస్తే తెలుగు ఓటు విడిగా బయటికి రాదు. ఆ 348లో మనవారు ఎటున్నారని ఎవరూ చెప్పలేరు. కాని ఒకటి చెప్పవచ్చు. వేల ఆధిక్యాలున్న రోజుల్లో నాలుగు లైన్ల తెలుగు ఇళ్లను ఎవరూ విడిగా లెక్కించనక్కరలేదు. తేడా మూడు వందలకు దిగిన రోజున ఆ ఇళ్ల గడప తొక్కక తప్పదు. చిన్న సమాజానికి చరిత్ర ఇచ్చే అవకాశాలు అరుదు. అది వచ్చినప్పుడు ఏ భాషలో, ఏమని అడగాలో తెలిసి ఉండాలి. ఆ ప్రశ్నకు జవాబు రాయవలసిన పుస్తకం ఇంకా బాకీ ఉంది. అక్కడి తెలుగు బిడ్డ ఎవరైనా రాస్తే, మొదటి పాఠకుడిని నేనే.