వాకిట్లో పానకం, పెరట్లో కల్లు

మన కోనసీమలోని ఐ.పోలవరం మండలంలో సంక్రాంతికి వచ్చిన అల్లుడికి మామగారు వాకిట్లో బొండం కొట్టించి ఇస్తారు. మురమళ్ల కోడిపందాల బరి వైపు వెళ్తే బావమరిది ఇంకేదో ఇస్తాడు. మన పండుగ పానీయాల చరిత్రంతా ఈ రెండు దారుల్లోనే నడిచింది. పదిమందిలో ఇచ్చేది ఒకటి, పక్కకెళ్లి తాగేది ఇంకొకటి. ఈమధ్య కల్యాణ మండపాల్లో వెలుస్తున్న మాక్‌టెయిల్ కౌంటర్లు చూస్తుంటే రెండు దారులూ ఒకచోట కలిశాయేమో అనిపిస్తుంది.

వాకిటి దారి చాలా పాతది. 1509 నుంచి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి ఆతిథ్యాన్ని ఋతువును బట్టి మార్చి వర్ణించాడు. ఎండాకాలం వంతు వచ్చేసరికి విస్తట్లో కన్నా గిన్నెల్లోనే సందడి ఎక్కువ. పలచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్లు, పరిమళం పట్టించిన చల్లని నీళ్లు, నీళ్లమజ్జిగ. కాలాన్ని బట్టి పానీయాల పట్టీ మార్చడం నిన్నమొన్న హోటళ్లవాళ్లు కనిపెట్టిందేమీ కాదు.

వీటన్నిటిలో పండుగ హోదా దక్కింది పానకానికి. చైత్రమాసపు ఎండ ముదురుతున్నప్పుడు శ్రీరామనవమి వస్తుంది. బెల్లం నీళ్లలో మిరియం, శొంఠి, యాలకులు దంచి కలిపితే తీపి, ఘాటు, పరిమళం ఒకేసారి నోటికి తగులుతాయి. మంగళగిరి కొండమీద నరసింహస్వామికి నైవేద్యమే పానకం. పోసినదాంట్లో సగం స్వామి తాగి మిగతాది భక్తుడికి వదిలేస్తాడని నమ్మకం. పెళ్లిళ్లలో పానకం బిందెలది మరో వైభోగం. ఆడపెళ్లివారు బిందెలు అలంకరించుకుని మేళతాళాలతో మగపెళ్లివారి విడిదికి తీసుకెళ్లేవారు. వియ్యాలవారి మధ్య వేళాకోళాలూ అక్కడే మొదలయ్యేవి. ఇప్పుడు క్యాటరింగువాళ్లు ‘వెల్‌కమ్ డ్రింక్’ అని విడిగా లెక్క రాస్తున్నది ఈ మర్యాదనే. పాటలు పోయాయి, బిల్లు వచ్చింది.

పెరటి దారి చెట్టెక్కి దిగిన దారి. చలికాలంలో ఈతకల్లు, ఎండలు పెరిగాక తాటికల్లు. గీత కార్మికుడు మోకు బిగించి ఎక్కి, గెల కోసి లొట్టి కట్టి దించిన రసం తెల్లవారుజామున తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులిసి మత్తెక్కుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. ఒకే చెట్టు రసం కాస్త సున్నం తేడాతో వాకిటి పానీయమో పెరటి పానీయమో అవుతుందన్న మాట.

తెల్లవాళ్లు ఓడలు దిగాక ఈ కథలో ఒక విచిత్రం జరిగింది. సారాలో పంచదార, నిమ్మరసం, మసాలా దినుసులు, నీళ్లు కలిపి తాగే ‘పంచ్’ను నేటి కాక్‌టెయిళ్లకు తాత అనవచ్చు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న రాబర్ట్ ఆడమ్స్ 1632 సెప్టెంబరులో రాసిన ఒక ఉత్తరంలోనే ఆ పేరు తొలిసారి రాతకెక్కిందని చెబుతారు. ఆ ఉత్తరం వెళ్లింది పెటపోలికి, అంటే మన నిజాంపట్నానికి. కాక్‌టెయిల్ అంటే మద్యం, పంచదార, నీళ్లు, చేదు ద్రావకం కలిపినదని ఒక అమెరికన్ పత్రిక వివరించింది 1806లో. అంతకు నూట డెబ్బై ఏళ్ల ముందే దాని తాత కబురు తెలుగు తీరానికి చేరింది.

తర్వాతి కాలమంతా పెరటి దారిని నడిపింది రుచి కాదు, చట్టం. 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం కల్లుకు లైసెన్సు పెట్టింది. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. 1954 నవంబరులో ఆ నిషేధం మీదే టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలింది. గీత కార్మికుల జీవనాధారం ఆ వివాదంలో ముఖ్యాంశం. 1995 జనవరిలో ఎన్టీఆర్ మళ్లీ నిషేధం తెచ్చారు, 1997లో అది సడలిపోయింది. ఇక ఐ.పోలవరం సంగతి చెప్పక్కర్లేదు. గౌతమికి అవతలి ఒడ్డు యానాం. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడి, ఆ తర్వాత పుదుచ్చేరి. ఇక్కడి చట్టం అక్కడ చెల్లదు. 2002లో ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి వచ్చాక పడవ కోసం చూడాల్సిన పని కూడా పోయింది.

వాకిట్లోకి కొత్తగా వచ్చినది సోడా. గొంతులో గోలీ ఇరికించుకున్న సీసాకు హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు తీసుకున్నాడు. మన దగ్గర ఆ సీసా తీర్థాలకెక్కింది. గోలీ నొక్కిన చప్పుడు లేకపోతే జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెలితే. రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు 1919లో మొదలుపెట్టిన సోడా వ్యాపారమే 1955 నాటికి ‘ఆర్టోస్’ అనే పేరు పెట్టుకుంది. 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లింది, 1993లో తిరిగొచ్చింది. ఆర్టోస్ మాత్రం గోదావరి జిల్లాలను వదల్లేదు. ప్రపంచ కంపెనీల పక్కన ఊరి సీసా నిలబడటం గొప్ప సంగతే. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు రామచంద్రపురం ఇందులోకే వచ్చింది కాబట్టి ఇక అది అచ్చంగా మన జిల్లా సరుకు, ఆయ్!

మాక్‌టెయిల్ కౌంటరు వీటన్నిటి కొసన వచ్చింది. గ్లాసు తీరు, రంగు, అంచున గుచ్చిన నిమ్మచెక్క అన్నీ పెరటి దారివి. మద్యం లేదు గనక వాకిట్లో, అత్తగార్ల ఎదురుగా ఇస్తున్నారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ‘వర్జిన్ మొహితో’ అని ఇచ్చేది పుదీనా వేసిన నిమ్మసోడాయే. పక్కన నీలం సిరప్ సీసా. మండపం చుట్టూ కొబ్బరితోటలు! రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటినీరా మీద ఏళ్లుగా పని చేస్తున్నారు. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. సరుకు ఉంది, పద్ధతి తెలుసు, కౌంటరు కూడా వచ్చేసింది.

కాబట్టి ఈసారి మీ ఇంట పెళ్లి కుదిరి, క్యాటరింగాయన పట్టీ పట్టుకొస్తే నీలం రంగుదాన్ని కొట్టేయించండి. దాని స్థానంలో మిరియం ఘాటు తగిలే పానకం, బొండంలో నిమ్మ పిండి ఉప్పు వేసినది ఒకటి రాయించండి. చెయ్యడం రాదంటే, మీ ఊళ్లో పానకం బిందెలు మోసినవాళ్లు ఇంకా ఉంటారు, వాళ్లను అడగమనండి.